పెట్టె కొనే ముందు గిటారులో ఏముందో చూడండి

ప్రశ్న: నా అకూస్టిక్ గిటారుకు బ్రిడ్జి కింద పిక్‌అప్ పెట్టించాను. ఇంట్లో చిన్న ఆంప్లిఫయర్‌కు కలిపితే చక్కగా పలుకుతుంది. వేదిక మీద 20 మీటర్ల గిటారు కేబుల్‌తో మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే మాత్రం రేకు డబ్బా మీద గీకినట్టు ఉంటోంది. పైగా ఒకటే హమ్. గిటారుకూ మిక్సర్‌కూ మధ్య పెట్టే డీఐ బాక్స్ కొనమని మిత్రులు అంటున్నారు. యాక్టివ్ (కరెంటుతో నడిచేది) కొనాలా, పాసివ్ (కరెంటు అక్కర్లేనిది) కొనాలా?

జవాబు: దానికంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. మీ గిటారు పక్కచెక్కలో వాల్యూమ్, ట్రెబుల్ మీటలు, 9 వోల్టుల బ్యాటరీ పెట్టే అర ఉన్నాయా? ఆ సంగతి మీరు రాయలేదు. కానీ ‘రేకు డబ్బా’ అన్న మాటలోనే నాకు జవాబు దొరికింది. మీది ప్రీఆంప్ (గిటారులోనే ఉండే, బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయర్) లేని పియెజో పిక్‌అప్ అయి ఉండాలి.

పియెజో అంటే ఒత్తిడి పడినప్పుడు విద్యుదావేశం పుట్టించే చిన్న పలుకు. విద్యుత్ దృష్టితో చూస్తే అదొక బుల్లి కెపాసిటర్. దాని ముందు తక్కువ ఇంపిడెన్స్ (విద్యుత్ ప్రవాహానికి చూపే అడ్డంకి) ఉన్న ఇన్‌పుట్ పెడితే రెండూ కలిసి మంద్రస్థాయిని కోసేస్తాయి. లెక్క చూడండి. మీ పియెజో 1 నానోఫారడ్ అనుకుందాం. మామూలు గిటారు కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు ఉంటాయి కాబట్టి 20 మీటర్లకు మరో 2 నానోఫారడ్లు చేరతాయి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సాధారణంగా 10 కిలో ఓములు. ఈ లెక్కన 5,300 హెర్ట్జ్ దగ్గరి నుంచి కిందికి శబ్దం జారిపోతూ ఉంటుంది. మీ లావు తీగ మోగేది 82 హెర్ట్జ్ దగ్గర. అక్కడికి వచ్చేసరికి నష్టం 36 డెసిబెళ్లు! ఇది చాలదన్నట్టు ఆ కేబుల్ మొత్తం శబ్దాన్ని మూడో వంతుకు దించేస్తుంది. ఇక మిగిలేది రేకు డబ్బాయే కదా.

ఇందులో నేనేమీ పుట్టు పండితుణ్ణి కాను. మిక్సర్ వెనక కూర్చున్న కొత్తల్లో ఇలాంటి గిటారే నా దగ్గరికి వచ్చింది. నా సంచిలో ఉన్నది ఒకే ఒక పాసివ్ డీఐ బాక్స్. బరువైన ఇనుప డబ్బా, దాని మీద నాకు అంతులేని నమ్మకం. శబ్దం పల్చగా వస్తుంటే తీగలు పాతబడ్డాయని కళాకారుడితో కొత్తవి వేయించాను. కార్యక్రమానికి గంట ముందు కొత్త తీగలు! అవి సాగుతూ, శ్రుతి తప్పుతూ ఆయన ఆ సాయంత్రమంతా పడిన అవస్థకు కారణం నేనే. తప్పు తీగలది కాదని, నా పెట్టెదని తెలిసింది మర్నాడు.

పాసివ్ పెట్టెలో ఉండేది ప్రధానంగా ఒక ట్రాన్స్‌ఫార్మర్. చాలావాటిలో చుట్ల నిష్పత్తి 12కి 1 ఉంటుంది. వోల్టేజి 12 రెట్లు తగ్గుతుంది, అంటే 21 డెసిబెళ్ల పైచిలుకు. ఇంపిడెన్స్ మాత్రం 12 వర్గం, అంటే 144 రెట్లు మారుతుంది. మిక్సర్ మైక్ ఇన్‌పుట్ సుమారు 1 కిలో ఓమ్ అనుకుంటే, అంత పెంచినా గిటారుకు కనిపించేది సుమారు 140 కిలో ఓములే. 3 మీటర్ల కేబుల్‌తో కలిపినా మీ పియెజోకు 870 హెర్ట్జ్ నుంచే కోత మొదలవుతుంది. 1 మెగా ఓమ్ ఉన్న యాక్టివ్ పెట్టె అయితే అది 120 దగ్గరికి దిగుతుంది. 10 మెగా ఓములు ఉన్నదైతే 12 హెర్ట్జ్‌కు పోతుంది, అంటే సమస్యే ఉండదు. కాబట్టి మీకు కావలసింది యాక్టివ్. కొనేటప్పుడు పెట్టె రంగు, రేకు మందం చూసి మురిసిపోకుండా ఇన్‌పుట్ ఇంపిడెన్స్ అంకె చదవండి. పియెజో కోసం ప్రత్యేకంగా 10 మెగా ఓములతో చేసినవి దొరుకుతాయి.

ఒకవేళ నా ఊహ తప్పి మీ గిటారులో బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉంటే లెక్క తిరగబడుతుంది. ప్రీఆంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ తక్కువ కనుక దానికి పాసివ్ పెట్టె హాయిగా సరిపోతుంది. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది ఆ బ్యాటరీని.

యాక్టివ్ పెట్టెకు కరెంటు మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫ్యాంటమ్ పవర్ ఇస్తుంది. పెట్టెను మైక్ ఇన్‌పుట్‌కు కలపాలి, లైన్‌కు కాదు. ఆ ఛానల్‌ను మ్యూట్ చేశాకే ఫ్యాంటమ్ వేయండి. లేకపోతే స్పీకర్లలో పిడుగు పడుతుంది. గిటారు నుంచి పెట్టె దాకా కేబుల్ 3 మీటర్లు చాలు. మిగతా దూరమంతా మైకులకు వాడే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ చూసుకుంటుంది. అందులోని రెండు తీగల మీదా సమానంగా పడే గోలను మిక్సర్ ఒకదానితో ఒకటి కొట్టివేస్తుంది.

హమ్ సంగతికి వస్తే, పెట్టె మీద ‘గ్రౌండ్ లిఫ్ట్’ మీట ఉంటుంది. అది నొక్కితే హమ్ పోతుందని ఎవరైనా చెబితే అప్పుడే నమ్మకండి. ఆ మీట గ్రౌండ్ లూప్‌ను తెంచడానికి. గిటారు ఒకవైపు కరెంటు ప్లగ్ ఉన్న ఆంప్‌కు, మరోవైపు మిక్సర్‌కు కలిసినప్పుడే లూప్ ఏర్పడుతుంది. మీ గిటారు మిక్సర్‌కు తప్ప దేనికీ కలిసి లేదు. పొడవాటి కేబులే యాంటెన్నాలా హమ్‌ను లాక్కుంటోంది. కేబుల్ పొట్టి చేస్తే చాలావరకు పోతుంది. మీకు లిఫ్ట్ నొక్కితే హమ్ పెరిగినా ఆశ్చర్యం లేదు. ఇంకొకటి, కొన్ని యాక్టివ్ పెట్టెలు ఫ్యాంటమ్ మీద నడుస్తున్నప్పుడు లిఫ్ట్ సరిగ్గా పనిచేయదు. ఆ కరెంటుకు తిరుగుదారి కూడా గ్రౌండ్ పిన్నే మరి.

హమ్ పోవడం కోసం ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా తీయకండి. నా కళ్లముందే ఒకరు గిటారు ఆంప్‌కు ఆ పని చేశారు. హమ్ ఆగింది, అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి పల్లవిలోనే పాడుతున్న గిటారిస్టు పెదవి మైకుకు తగిలి, షాక్‌తో రెండడుగులు వెనక్కి తూలాడు. ప్రాణాలతో ఉండటం అదృష్టం.

ప్రశ్న: ఎలక్ట్రిక్ గిటారును ఇంట్లో రికార్డు చేస్తున్నాను. గిటారును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో ‘ఇన్‌స్ట్రుమెంట్’ మీట ఉంది. ఇంకా డీఐ బాక్స్ కావాలా? డిస్టార్షన్ పెడల్‌ను నేరుగా కలిపితే ఈగల గుంపు ముసిరినట్టు ఉంటోంది.

జవాబు: అక్కర్లేదు. ఆ మీట నొక్కితే ఇన్‌పుట్ ఇంపిడెన్స్ సుమారు 1 మెగా ఓమ్‌కు పెరుగుతుంది. అంటే డీఐ బాక్స్ చేసే ముఖ్యమైన పని ఇంటర్‌ఫేస్‌లోనే ఉంది. వాయిస్తూ ఆంప్‌ను కూడా మోగించాలంటే మాత్రం పెట్టె కొనండి. ఒక తీగ అటు, ఒక తీగ ఇటు పంపడానికి దాని ‘త్రూ’ సాకెట్ పనికొస్తుంది.

ఈగల సంగతి పెట్టెతో తీరదు. గిటారు ఆంప్‌లోని 12 అంగుళాల స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. పెడల్ పుట్టించే గరగరనంతా అదే మింగేస్తుంది. మీ దారిలో స్పీకర్ లేదు కాబట్టి మింగేవాళ్లు లేరు. కంప్యూటర్‌లో ఆ స్పీకర్ పనిని అనుకరించే క్యాబినెట్ సిమ్యులేటర్ పెట్టి చూడండి. పెడల్ లేని శుద్ధమైన ట్రాక్‌ను కూడా విడిగా రికార్డు చేసుకోండి. రికార్డింగ్ మీటరులో శబ్ద శిఖరాలు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఉంటే చాలు. రేపు రంగు నచ్చకపోతే మళ్లీ వాయించే పని ఉండదు, ఆ ట్రాక్‌నే మరో ఆంప్ గుండా నడిపించవచ్చు.

ఆంప్ ముందు మైకు, డీఐ రెండూ రికార్డు చేసేవారికి ఒక చిన్న చిక్కు. మైకు స్పీకర్‌కు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే శబ్దం దాదాపు 0.9 మిల్లీసెకండ్ ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల (శబ్దపు నమూనాల) రికార్డింగ్‌లో అది 42 శాంపిళ్లు. మైకు ట్రాక్‌ను అంత ముందే మొదలయ్యేలా జరపకపోతే రెండూ కలిసినప్పుడు గిటారు బక్కచిక్కి వినిపిస్తుంది. లెక్కతో మొదలుపెట్టి చెవితో ముగించండి. నేనైతే కళ్లు మూసుకుని జరుపుతాను, తెర మీద గీతలు కలిశాయన్న భ్రమ చెవిని మోసం చేస్తుంది.

ప్రశ్న: వాల్వ్ ఆంప్ స్పీకర్ సాకెట్ నుంచి డీఐ బాక్స్‌కు తీగ వేయవచ్చా?

జవాబు: మామూలు పెట్టెకు వద్దు. అక్కడ వచ్చే వోల్టేజిని అది తట్టుకోలేదు. స్పీకర్ స్థాయికి తగినట్టు చేసిన పెట్టె అయినా సరే, స్పీకర్‌ను మాత్రం విప్పకండి. వాల్వ్ ఆంప్‌కు లోడ్ (అంటే కలిసి ఉన్న స్పీకర్) లేకపోతే ముందు పోయేది దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్.