ఎంబసీ పోస్టింగ్‌లో పన్ను లెక్క: మాధవికి ఉత్తరం

చి.ల.సౌ. మాధవికి,
పెదనాన్న ఆశీస్సులు.

మస్కట్‌లో ఇల్లు కుదిరిందని, పిల్లాడు బడికి వెళుతున్నాడని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఎంబసీ ఉద్యోగంలో విదేశంలో ఉంటే జీతం మీద ఇండియాలో పన్ను కట్టాలా అని నువ్వు అడిగినదానికి ఫోన్‌లో హడావుడిగా చెప్పడం ఇష్టం లేక రాస్తున్నాను.

"ఎన్నారైని కదా, జీతం మీద పన్ను ఉండదు" అన్న మాట ముందు మనసులోంచి తీసెయ్యి తల్లీ. గల్ఫ్‌లో కంపెనీ ఉద్యోగం చేసేవాళ్ల సంగతి వేరు. భారత ప్రభుత్వం భారత పౌరులకు ఇచ్చే జీతం, పని ఏ దేశంలో చేసినా, ఇండియాలో వచ్చినట్టే లెక్క. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 9 చెప్పేది అదే. కానీ అక్కడ ఇచ్చే ఫారిన్ అలవెన్సుకీ, ప్రభుత్వ ఇంటి సదుపాయానికీ సెక్షన్ 10(7) కింద మినహాయింపు ఉంది. కొత్త పన్ను విధానం (కొత్త రెజీమ్)లో ఉన్నా అది పోదు.

మరి పన్ను లెక్కలో నువ్వు ఇండియా నివాసివా (రెసిడెంటా), కాదా అన్నది ఎందుకు తేల్చుకోవాలంటే, నీ విషయంలో అసలు తేడా రిబేటు (పన్ను మాఫీ) దగ్గర వస్తుంది. 2025-26లో పన్ను పడే ఆదాయం పన్నెండు లక్షల లోపు ఉంటే కొత్త రెజీమ్‌లో పన్ను సున్నా అని అందరూ అంటున్నారే, ఆ రిబేటు రెసిడెంట్లకే. నీ జీతం 11 లక్షలనుకో. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోగా 10.25 లక్షలు. రెసిడెంటువైతే ఏమీ కట్టక్కర్లేదు. నాన్ రెసిడెంటువైతే సెస్‌తో కలిపి 44,200 కట్టాలి. జీతాల సెక్షన్ వాళ్లు నిన్ను రెసిడెంటనుకుని జీతంలోంచి ముందే పన్ను (టీడీఎస్) కోయకపోతే, రిటర్న్ వేసే రోజున ఆ మొత్తం వడ్డీతో సహా మీద పడుతుంది. అందుకే నీ స్టేటస్ ఏమిటో ఇప్పుడే వాళ్లకి రాతపూర్వకంగా తెలియజెయ్యి.

స్టేటస్ తేలేది రోజుల మీద. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఇండియాలో 182 రోజులు ఉంటే రెసిడెంట్. అరవై రోజులున్నా రెసిడెంట్ కావచ్చనే ఇంకో నిబంధన ఉంది కానీ, ఉద్యోగం కోసం దేశం దాటిన ఏడాది అది వర్తించదు, చూడాల్సింది ఈ 182నే. నువ్వు బయల్దేరింది ఆగస్టు 20న. వెళ్లిన రోజుతో కలిపితే అప్పటికి 142 రోజులు. అంటే మార్చి లోపల సెలవు మీద వచ్చి 39 రోజులుంటే నాన్ రెసిడెంటువే, నలభై ఉంటే రెసిడెంటువి. దిగిన రోజూ, ఎక్కిన రోజూ రెండూ లెక్కలో వేసుకో. మస్కట్ దగ్గరే కదా అని దసరాకోసారి, సంక్రాంతికోసారి వస్తే నలభై రోజులు ఇట్టే అయిపోతాయి.

రిబేటు కోసం ఆ నలభై దాటించుకుందామా అంటావేమో. అలా రెసిడెంటువైతే మస్కట్ బ్యాంకు ఖాతాలో వచ్చే వడ్డీ కూడా ఇక్కడ చూపించాలి. ఆ ఖాతా వివరాలు రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్లో రాయాలి, పైసా వడ్డీ రాకపోయినా సరే. అది ఒప్పుకోగలిగితే తప్పేమీ లేదు. రెసిడెంటువైనా, కాకపోయినా రిటర్న్‌కి ఐటీఆర్-1 ఫారం వాడకూడదు, ఐటీఆర్-2 వెయ్యాలి.

మీ పై అధికారుల మాట విని వాళ్ల లెక్క నీకు తగిలించుకోకు. ఇండియా ఆదాయం పదిహేను లక్షలు దాటినవాళ్లకు సెలవు మీద వచ్చినప్పుడు చూసే పరిమితి 120 రోజులు. పైగా అంత ఆదాయం ఉండి, వేరే ఏ దేశంలోనూ పన్ను బాధ్యత లేని పౌరుణ్ని, ఒక్కరోజు కూడా ఇక్కడ లేకపోయినా, చట్టం రెసిడెంటుగా భావిస్తుంది. దౌత్యాధికారుల జీతానికి 1961 వియన్నా ఒప్పందం కింద అక్కడ పన్ను ఉండదు కాబట్టి వాళ్లు ఇందులో పడతారు. నీ ఆదాయం పదిహేను లక్షలు దాటదు కాబట్టి నీకు ఇవేవీ వర్తించవు.

తిరిగి వచ్చే ఏడాది మాత్రం జాగ్రత్త. శాశ్వతంగా వచ్చెయ్యడం "సందర్శన" కాదు, కాబట్టి అప్పుడు అరవై రోజుల నిబంధన మళ్లీ పట్టుకుంటుంది. అంతకు ముందు నాలుగేళ్లలో ఇక్కడ 365 రోజులున్నావా అని కూడా చూస్తారు. మూడేళ్ల పోస్టింగ్‌కి అది సాధారణంగా దాటే ఉంటుంది. జనవరి 31న దిగినా మార్చి ఆఖరుకి అరవై అయిపోతాయి.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. రోజుల లెక్క మారదు. పాస్‌పోర్టు ముద్రల పేజీలూ, బోర్డింగ్ పాసులూ ఫోటోలు తీసి ఒకచోట దాచు.

సంక్రాంతి సెలవు తేదీలు ఖాయమయ్యాక, టికెట్లు కొనేముందు నాకు చెప్పు. ఇద్దరం కలిసి ఒకసారి లెక్క చూసుకుందాం.

మీ పెదనాన్న