గ్యాసా, గుండెనొప్పా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా మామయ్యగారికి 61 ఏళ్లు. షుగర్ ఉంది. మొన్న తెల్లవారుజామున ఛాతీలో మంటగా ఉందంటూ లేచారు. రాత్రి తిన్న గారెలు అరగలేదేమో అనుకుని సోడా తాగించాం. రెండు త్రేన్పులు వచ్చాక తేలిగ్గా ఉందన్నారు. మా ఊరి ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్‌కి ఇంజెక్షన్ చేశారు. తెల్లారాక ఒళ్లంతా చెమటలు పట్టేసరికి మావారు, మా మరిది ఆయన్ని బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని రాజమండ్రి తీసుకెళ్లారు. గుండెపోటు అన్నారు, స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఇంట్లో ఎవరు త్రేన్చినా నాకు టెన్షన్‌గా ఉంటోంది. గ్యాస్ నొప్పికీ గుండెనొప్పికీ తేడా ఎలా తెలుస్తుంది? గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర ఇంట్లో పెట్టుకోవచ్చా? గట్టిగా దగ్గుతూ ఉంటే గుండె ఆగిపోదని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?
– ఒక సోదరి, మండపేట

జవాబు: మామయ్యగారు కోలుకున్నారు, సంతోషం అమ్మా. తేడా ఇంట్లో కూర్చుని తేల్చడం కుదరదు. ఈసీజీ తీయందే నేనూ చెప్పను. గుండె కింది భాగానికి రక్తం అందకపోతే నొప్పి పొట్ట పైభాగంలోనే తెలియవచ్చు, వికారం, వాంతులు కూడా ఉండవచ్చు. అందుకే త్రేన్పు వచ్చి తేలికపడ్డారంటే గ్యాసే అని నమ్మడానికి లేదు.

నేను ముందు చూసేది మనిషి చెయ్యి. నొప్పి ఎక్కడ అంటే కొందరు ఒక్క వేలితో చుక్క పెట్టినట్టు చూపిస్తారు. కొందరు పిడికిలి ఛాతీ మధ్యన ఆనించి ‘ఇదిగో, ఇక్కడంతా బరువు పెట్టినట్టుందండీ’ అంటారు. వేలితో చూపించినవాళ్లని ఇంటికి పొమ్మనను గానీ, పిడికిలి పెట్టినవాళ్లకి మాత్రం ముందు ఈసీజీ తీయమంటాను. ఫ్యాను కిందున్నా బనియను తడిసేలా చల్లటి చెమట పడుతుంటే ఇక వేరే ప్రశ్నలేవీ అడగను. నొప్పి ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకవచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో, పెద్దవయసువాళ్లలో, ఆడవాళ్లలో అసలు నొప్పే పెద్దగా లేకుండా ఆయాసం, నీరసం, చెమటలే కనిపించవచ్చు. మన ఆడవాళ్లు దాన్ని కూడా ‘పని ఎక్కువైంది’ అని పడుకుంటారు, అదొకటి.

అనుమానం రాగానే 108కి ఫోన్ చేయండి. మనిషిని నడిపించకండి, మేడ మెట్లు దింపకండి. గోడకు ఆనించి, మోకాళ్లు మడిచి కింద కూర్చోబెట్టండి, చొక్కా గుండీలు వదులు చేయండి. సోడా వద్దు, తిండి వద్దు. ఆస్పిరిన్ పడనివాళ్లు, పొట్టలో పుండు ఉన్నవాళ్లు, రక్తస్రావం అయ్యేవాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించండి. ఇంట్లో ఎకోస్ప్రిన్ (అదీ ఆస్పిరినే) 75 ఉంటే నాలుగు, 150 ఉంటే రెండు. మింగితే ఆలస్యంగా పనిచేస్తుంది, నమలాల్సిందే. మూతి వంకరపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు, అప్పుడు మాత్రం ఇవ్వకండి.

ఆర్‌ఎంపీలను నేను తప్పుపట్టను, అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది వాళ్లే. ఆయన్ని పిలవండి, కాకపోతే 108కి చేశాక. ఇక బైక్ సంగతి. దారిలో గుండె ఆగితే ఇద్దరి మధ్య ఇరుక్కున్న మనిషికి ఎవరూ ఏమీ చేయలేరు. పెద్ద ఊరే వెళ్లాలని దగ్గరి ఆసుపత్రి దాటిపోకండి. మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా ప్రభుత్వ ఏరియా ఆసుపత్రుల్లో ఇప్పుడు ఈసీజీ తీసి పెద్దాసుపత్రి కార్డియాలజిస్టుకు పంపుతున్నారు. ఆయన చెబితే రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగానే చేస్తారు. బయట దాని ఖరీదు వేలల్లో ఉంటుంది. మొదటి గంటల్లో పడితేనే దాని ఫలితం బాగుంటుంది. మొదటి ఈసీజీ నార్మల్ అన్నా వెంటనే ఇంటికి వచ్చేయకండి. మళ్లీ తీస్తారా, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారా అని అడగండి.

సార్బిట్రేట్ డాక్టరు రాసినవాళ్లకే. అది బీపీని దించేస్తుంది. అప్పటికే బీపీ పడిపోయి ఉంటే మనిషి అక్కడే సొమ్మసిల్లిపోతాడు. మగవాళ్లు లైంగిక సామర్థ్యం కోసం ఇంట్లో చెప్పకుండా వేసుకునే సిల్డెనాఫిల్, టడలాఫిల్ లాంటి మాత్రల మీద పడితే మరీ ప్రమాదం. ఆ సమయంలో సిగ్గుపడకుండా అడగాలి.

దగ్గు సంగతి వట్టిదే. దగ్గగలిగిన మనిషికి గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది. గుండె ఆగినవాడు స్పృహతప్పి పడిపోతాడు, దగ్గడు. అలా పడిపోయి, పిలిచినా పలక్కుండా, ఊపిరి లేకపోతే, లేదా గురకలాగా ఎగశ్వాస పెడుతుంటే (ఊపిరి ఉందని చాలామంది మోసపోయేది ఇక్కడే) వెంటనే నేల మీద పడుకోబెట్టండి. నవారు మంచం మీద నొక్కితే మంచమే కిందికి పోతుంది, గుండెకు చేరదు. ఛాతీ మధ్య ఎముక మీద అరచేతి మడమ (మణికట్టు దగ్గరి గట్టి భాగం), దాని మీద రెండో చెయ్యి పెట్టి, మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. పక్కటెముక విరుగుతుందేమో అని ఆగకండి. రెండు నిమిషాలకోసారి మీ మరిదిని అందుకోమనండి, ఒక్కరే చేస్తే త్వరగా జబ్బలు పడిపోతాయి.