ఎంబీఏ చదవండి, కానీ అత్యవసర నిధి జోలికి పోకండి

ఈ వారం ఒకావిడ రాసిన ఉత్తరానికి కాస్త వివరంగా జవాబు ఇస్తున్నాను. ఇదే పొరపాటు ఈ మధ్య చాలామంది చేస్తున్నారు, అదీ తెలివైనవాళ్లు, లెక్కలు బాగా వచ్చినవాళ్లు.

ఆవిడ వయసు 36. సరుకు రవాణా కంపెనీలో షిఫ్ట్ సూపర్‌వైజర్. ఇద్దరు పిల్లలు, పెద్ద వయసు తల్లి ఆవిడతోనే ఉంటున్నారు. భర్త సొంత పని చేసుకుంటారు, ఆ సంపాదన ఒక నెల ఉంటే ఇంకో నెల ఉండదు కాబట్టి లెక్కలో వేయలేదట. అలా వేయకపోవడం మంచి పని.

ఆవిడ ప్లాన్ ఇది: "రెండేళ్ల ఆన్‌లైన్ ఎంబీఏలో చేరాలనుకుంటున్నాను. ఫీజు నా ఆరు నెలల జీతం అంత. అత్యవసర నిధిలో నాలుగు నెలల ఖర్చు దాచాను, అందులోంచి రెండు నెలల జీతం అంత తీసి మొదటి వాయిదా కడతాను. మిగతాదానికి పర్సనల్ లోన్, 12 శాతం ఫ్లాట్ వడ్డీ, రెండేళ్లలో తీర్చాలి. ఈఎంఐ కోసం పొదుపు, టర్మ్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఈ రెండేళ్లు ఆపేస్తాను. వారానికి పది గంటలు చదివితే చాలంటున్నారు. డిగ్రీ వస్తే మేనేజర్ పోస్టుకు అర్హత వస్తుంది. ఈ ప్లాన్ సరైనదేనా?"

సరైనది కాదమ్మా. చదువుకోవాలనే ఆలోచన మాత్రం చాలా మంచిది, దాన్ని వదులుకోమని నేను ఒక్క మాట కూడా అనను. డబ్బు సర్దిన తీరే ప్రమాదకరం.

ముందు ఆ పది గంటల సంగతి చూద్దాం, ఎందుకంటే మీ డబ్బు లెక్క అంతా దాని మీదే నిలబడి ఉంది. యూరప్ యూనివర్సిటీలు వాడే ఈసీటీఎస్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. 90 క్రెడిట్ల ఎంబీఏ అనుకుంటే తక్కువలో తక్కువ 2,250 గంటలు. రెండేళ్లకు 104 వారాలు, అంటే ఒక్క వారం కూడా సెలవు లేకుండా వారానికి దాదాపు 22 గంటలు కూర్చోవాలి. అమెరికా పద్ధతిలో చూసినా అంతే, ఒక క్రెడిట్‌కు వారానికి ఒక గంట క్లాసు, దాని మీద రెండు గంటల సొంత చదువు, ఇలా సుమారు 15 వారాలు. మూడు క్రెడిట్ల సబ్జెక్టు ఒక్కటి తీసుకుంటే వారానికి 9 గంటలు. మీకు పది గంటలని చెప్పినవాళ్లు బహుశా ఒక సబ్జెక్టు లెక్క చెప్పి ఉంటారు. రెండేళ్లలో పూర్తి చేయాలంటే ఒకేసారి రెండు సబ్జెక్టులైనా నడపాలి. పది గంటలే ఇవ్వగలిగితే ఆ 2,250 గంటలకు 225 వారాలు, నాలుగేళ్ల పైమాటే.

ఇప్పుడు ఆ 22 గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? మీ నెల జీతంలో 15 శాతం ఓవర్‌టైమ్ వల్ల వస్తోందని, శనివారాలు, వారంలో రెండు సాయంత్రాలు దానికే పోతున్నాయని మీరే రాశారు. పిల్లలు పడుకున్నాక పదింటికి లాప్‌టాప్ తెరిస్తే పన్నెండు దాకా నెట్టుకురావచ్చు, అదీ పొద్దున షిఫ్ట్ లేని రోజుల్లో. మిగతా గంటలకు ఓవర్‌టైమ్ మానాల్సిందే, వేరే దారి లేదు.

మీ జీతాన్ని 100 భాగాలు అనుకుందాం, అందులో 15 ఓవర్‌టైమ్. ఇంటి ఖర్చు 75. బీమా ప్రీమియం 4, పొదుపు 6. అన్నీ పోను 15 మిగులుతోంది. ఫీజు 600 భాగాలు, అందులో మొదటి వాయిదా 200 పోను మీరు తీసుకోబోయే అప్పు 400 భాగాలు, 12 శాతం ఫ్లాట్ వడ్డీతో రెండేళ్లకు మొత్తం 496 కట్టాలి, ఈఎంఐ నెలకు దాదాపు 21. బీమా, పొదుపు ఆపితే చేతిలో 25 ఉంటుంది కాబట్టి సరిపోతుందని మీరు అనుకున్నారు. కాగితం మీద సరిపోయింది కూడా. కానీ ఓవర్‌టైమ్ ఆగిన నెల నుంచి మీ చేతికొచ్చేది 85, ఇంటి ఖర్చు పోను మిగిలేది 10, ఈఎంఐ 21. నెలనెలా 11 లోటు. నాలుగు నెలల ఖర్చు అంటే మీ నిధి 300 భాగాలు, అందులోంచి మొదటి వాయిదా తీసేశాక మిగిలేది 100 భాగాలే కదా, అది తొమ్మిది నెలల్లో కరిగిపోతుంది. ఇంట్లో ఎవరికీ జ్వరం కూడా రాకపోతే జరిగే సంగతి ఇది! చదువు సగం కూడా కాకుండానే చేతిలో ఏమీ లేని పరిస్థితి, ఈఎంఐలు ఇంకా 15 మిగిలే ఉంటాయి.

ఆ 12 శాతం గురించి కూడా చెప్పాలి. ఫ్లాట్ వడ్డీ అంటే మీరు అసలు తీరుస్తూ వస్తున్నా మొదటి రోజు అప్పు మీదే చివరి దాకా వడ్డీ వేస్తారు. తగ్గే బాకీ మీద లెక్క కడితే ఇది ఏడాదికి 21 శాతం దాటుతుంది. లోన్ ఇచ్చేవాళ్లు ఈ మాట ముందు చెప్పరు, మనమే అడగాలి. చదువు కోసమే కదా అని ఏ అప్పైనా మంచి అప్పే అన్నట్టు మాట్లాడేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. మధ్యలో చదువు ఆగిపోతే డిగ్రీ రాదు, కానీ ఈఎంఐ ఒక్కటి కూడా తగ్గదు.

ఇక నేను ఎప్పుడూ చెప్పే మాటకే వస్తాను. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ చదివేవాళ్లకు అత్యవసర నిధి మామూలు వాళ్లకంటే ఎక్కువ ఉండాలి, తక్కువ కాదు. మామూలు రోజుల్లో ఏదైనా ఖర్చు మీద పడితే మనం ఏం చేస్తాం? నాలుగు గంటలు ఎక్కువ పనిచేసి పూడ్చుకుంటాం. ఖాళీగా ఉన్న మన సమయం కూడా ఒక రకం నిధే. చదువులో చేరిన రోజున ఆ సమయాన్ని మొత్తం చదువుకు రాసిచ్చేసినట్టే. అలాంటప్పుడు డబ్బు నిధిని కూడా ఖాళీ చేస్తే ఇక ఆనుకోవడానికి ఏముంటుంది?

నా దగ్గరకు వచ్చిన ఒకాయన సరిగ్గా ఇదే చేశారు. నిధి మొత్తం మొదటి ఏడాది ఫీజుకు పెట్టారు. రెండో సెమిస్టర్ పరీక్షలకు పది రోజుల ముందు వాళ్ల అమ్మగారు పడిపోయి ఆసుపత్రిలో చేరారు. చేతిలో డబ్బు లేక క్రెడిట్ కార్డు గీకారు, ఆ టెన్షన్‌లో రెండు పరీక్షలు రాయలేకపోయారు, వాటికి మళ్లీ ఫీజు కట్టమన్నారు, అదీ కార్డు మీదే పెట్టారు. నెలకు 3 శాతం వడ్డీ పడే కార్డులో 100 బాకీ ఏమీ కట్టకుండా వదిలేస్తే ఏడాదికి 142 దాటుతుంది. ఆయన నాకు ఫోన్ చూపించారు, ఒక మెసేజ్ అసైన్‌మెంట్ గడువు గురించి, దాని కిందే బాకీ గడువు గురించి, రెండూ ఒకే రోజు. చదువు మానేశారు. తెలివి లేక కాదు, ఆయన మొదటి సెమిస్టర్ మార్కులు చాలా బాగున్నాయి. మూడు నెలల ఖర్చు పక్కన ఉండి ఉంటే ఈపాటికి ఆయన చేతిలో డిగ్రీ ఉండేదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

టర్మ్ పాలసీ ఆపడమనే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. మీ సంపాదన మీద నలుగురు ఆధారపడి ఉన్నారు, దాని మీద కొత్తగా అప్పు కూడా తీసుకుందామనుకుంటున్నారు. అప్పు పెరిగే రోజున బీమా తీసేయడం ఏమిటి? పాలసీ ల్యాప్స్ అయ్యాక రెండేళ్లకు కొత్తది తీసుకుంటే వయసు పెరిగినందుకు ప్రీమియం పెరుగుతుంది, మళ్లీ వైద్య పరీక్షలు కావాలనవచ్చు. ఆలోపు బీపీనో షుగరో బయటపడితే ఇంకా ఎక్కువ అడగొచ్చు, ఇవ్వమని కూడా అనొచ్చు. నెలకు 4 భాగాలు మిగుల్చుకోవడానికి ఇంత రిస్క్ తీసుకోకండి.

మరి ఎలా చదవాలి? ఇప్పుడు తెరిచిన అడ్మిషన్లను వదిలేసి తర్వాతి ఏడాది చేరండి. ఓవర్‌టైమ్ మానకుండా నెలకు మిగిలే ఆ 15 భాగాలను పది నెలల పాటు నిధిలో వేస్తే ఇప్పుడున్న 300 కాస్తా 450 అవుతుంది, సరిగ్గా ఆరు నెలల ఖర్చు. మీ విషయంలో అంతకంటే తక్కువకు నేను ఒప్పుకోను. ఆ తర్వాత రెండేళ్ల కోర్సు కాకుండా ఒక్కో సబ్జెక్టుకు ఫీజు కట్టే పద్ధతి ఉన్న చోట చేరి, వారానికి పది గంటల లెక్కన నాలుగేళ్ల పైన చదవండి. 600 భాగాల ఫీజును 52 నెలలకు పంచితే నెలకు 11.5 పడుతుంది. ఓవర్‌టైమ్ సగం చేసినా 7.5 మిగులుతుంది, తక్కువ పడే ఆ 4 పొదుపులోంచి తీసుకోండి, చదువు అయ్యేదాకా పొదుపు తగ్గినా ఫర్వాలేదు. అప్పు లేదు, బీమా ఆగలేదు, నిధి కదల్లేదు. ఆలస్యం అవుతుందని మీకు బాధగా ఉంటుందని తెలుసు. 36కి బదులు 37లో మొదలుపెట్టి 41లో పూర్తి చేసినా ఇంకా దాదాపు 20 ఏళ్ల ఉద్యోగం ముందుంటుంది.

మీ కంపెనీ ఫీజు భరిస్తుందేమో హెచ్‌ఆర్‌ను అడగండి, కానీ ఒప్పందం పూర్తిగా చదవండి. ఫలానా కాలంలోపు ఉద్యోగం మానితే ఫీజు తిరిగి కట్టాలనే షరతు చాలా చోట్ల ఉంటుంది. వాళ్లే ఉద్యోగంలోంచి తీసేస్తే ఏమిటన్నది కూడా రాతపూర్వకంగా తెలుసుకోండి, తిరిగి కట్టాల్సి వచ్చేట్టుంటే ఆ మొత్తం కూడా మీ నిధికి కలపాలి, ఎందుకంటే జీతం ఆగడం, బాకీ పడటం ఒకే రోజు జరుగుతాయి. స్కాలర్‌షిప్ ఉంటే దరఖాస్తు పెట్టండి. డిగ్రీలో క్రెడిట్లుగా లెక్కకు వచ్చే చిన్న సర్టిఫికెట్ కోర్సు దొరికితే ముందు అది ఒకటి చేసి చూడండి, రాత్రి పదింటికి మీ ఒళ్లు సహకరిస్తుందో లేదో తక్కువ ఖర్చుతో తెలుస్తుంది. బిజినెస్ కాలేజీలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపులైన ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబాల్లో ఏదైనా ఉందా అన్నది కాలేజీ బ్రోషర్‌లో కాకుండా ఆ సంస్థల జాబితాల్లోనే చూసుకోండి. మేనేజర్ పోస్టుకు ఆ డిగ్రీ నిజంగా చెల్లుతుందో లేదో మీ పైఅధికారి దగ్గర ముందే కనుక్కోండి, నాలుగేళ్లయ్యాక కాదు.

కాలేజీకి ఒక ఈమెయిల్ రాయండి. మధ్యలో ఒక సెమిస్టర్ ఆపితే మళ్లీ చేరడానికి ఎంత కట్టాలి, మానేస్తే ఎన్ని రోజుల్లోపు ఎంత వెనక్కి ఇస్తారు, ఫెయిలైన సబ్జెక్టుకు మళ్లీ పూర్తి ఫీజా, డిగ్రీ పూర్తి చేయడానికి గరిష్ఠంగా ఎన్నేళ్లు ఇస్తారు, ఈ నాలుగూ అడగండి. ఫోన్‌లో చెబుతామంటే ఒప్పుకోకండి, జవాబు రాతలోనే కావాలి. ఆ జవాబు, మీ హెచ్‌ఆర్ చెప్పిన మాట రెండూ నాకు పంపితే మీ అంకెలతో ఇంకోసారి లెక్క వేసి చూస్తాను.

ఈ నెల టర్మ్ ప్రీమియం గడువు 20వ తేదీ అని, కట్టాలా వద్దా అని ఆగి ఉన్నానని రాశారు. ముందు అది కట్టేయండి.