ఆడిటర్ని పిలిచే ముందు తాళాల లెక్క

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పిల్లల కోసం మీరు నడిపే ట్రస్టుకి సిస్టమ్స్ ఆడిట్, అంటే కంప్యూటర్లు, ఆన్‌లైన్ ఖాతాలు, వాటిలోని లెక్కలు ఎంత భద్రంగా ఉన్నాయో బయటివాళ్ల చేత తనిఖీ, చేయించాలని బోర్డు అనుకుంటోందనీ, బెజవాడలో మంచి ఆడిటర్ పేరు చెప్పమనీ రాశావు. పేరు తర్వాత చూద్దాం. ముందు మీ దగ్గర ఏమేం ఉన్నాయో, ఒక్కోదాని తాళం ఎవరి చేతిలో ఉందో కాగితం మీద పెట్టు. ఆ కాగితం లేకపోతే ఆడిటర్ మొదటి రెండు రోజులూ అదే రాసుకుంటూ కూర్చుంటాడు, ఆ రెండు రోజుల ఫీజు మీరే కడతారు. పైగా మీకు గుర్తురానివి ఆయన లెక్కలోకీ రావు.

లిస్టు అనగానే కంప్యూటర్లు, ప్రింటర్లు, రూటరు రాసి సరిపెడతారు. అవీ రాయి, గంట పని. కానీ అసలు లిస్టు అది కాదు. వెబ్‌సైట్ డొమైన్, అంటే సైట్ అడ్రసు, ఎవరి పేరున, ఏ మెయిల్ మీద ఉంది? చాలా సంస్థల్లో మొదట్లో సైట్ చేసిపెట్టిన కుర్రాడి సొంత జీమెయిల్ మీదే ఉంటుంది. అతను ఉద్యోగానికి ఇంకో ఊరు వెళ్లిపోతాడు, రెన్యువల్ నోటీసు అతని మెయిల్‌కి పోతుంది, ఒకరోజు పొద్దున్నే సైట్ తెరుచుకోదు. ఆన్‌లైన్ విరాళాలు వసూలు చేసి మీ బ్యాంకులో వేసే పేమెంట్ గేట్‌వే లాగిన్ ఎవరి దగ్గర ఉంది? అందులో బ్యాంకు ఖాతా నంబరు మార్చగలిగే అధికారం ఎంతమందికి ఉంది? ఆదాయపు పన్ను పోర్టల్, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ఎన్జీవో దర్పణ్, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) పోర్టల్, ఢిల్లీ మెయిన్ బ్రాంచి స్టేట్ బ్యాంకులో ఉన్న మీ విదేశీ విరాళాల ఖాతా, వీటిలో ఒక్కోదానికీ ఓటీపీ ఏ ఫోన్‌కి వస్తోంది? ట్రస్టీ దిగిపోయినా నంబరు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ పెద్దాయన ఫోన్ ఎత్తకపోతే డిసెంబర్ 31లోపు వేయాల్సిన విదేశీ విరాళాల వార్షిక రిటర్ను, ఎఫ్‌సీ-4, ఆగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం డిజిటల్ సంతకం టోకెన్. పెన్‌డ్రైవ్ లాంటి ఆ చిన్న ముక్క మీద సెల్లో టేపుతో ఒక చీటీ, చీటీ మీద పిన్ నంబరు, మొత్తం కట్ట లెక్కల ఆడిటర్ గారి ఆఫీసు సొరుగులో. నమ్మకం కొద్దీ ఇచ్చినదే, కాదనను. కానీ చట్టం దృష్టిలో అది మీ ట్రస్టీ చేతి సంతకమే. ఎవరు ఎప్పుడు తీసుకున్నారు, ఏ పనికి, ఎప్పుడు తిరిగిచ్చారు అని ఒక రిజిస్టరు పెట్టించు. పిన్ టోకెన్‌తో పాటు ప్రయాణం చేయకూడదు.

ఈ లిస్టులో ఐదు గడులు చాలు: వస్తువు లేదా ఖాతా, ఎవరి పేరున ఉంది, లాగిన్ ఎవరెవరికి ఉంది, ఓటీపీ ఎవరికి వస్తుంది, ఆగిపోతే ఏ పని నిలిచిపోతుంది. ఐదో గడి నింపేటప్పుడే మీకు తెలుస్తుంది, ఆడిట్ ఎక్కడ లోతుగా జరగాలో.

తర్వాత బోర్డు తీర్మానం మినిట్స్‌లోకి ఎక్కించండి. ఆడిట్ ఎందుకు, ఎంత ఖర్చు దాకా, రిపోర్ట్ ఎవరికి అని అందులో స్పష్టంగా ఉండాలి. రిపోర్ట్ ఇద్దరు ట్రస్టీల చేతికే వెళ్లాలి. కంప్యూటర్లు చూసుకునే అబ్బాయికి నేరుగా వెళ్తే, అతను ఎంత మంచివాడైనా, తన పనిమీద వచ్చిన మాటలు తనే పైకి చెప్పాల్సి వస్తుంది. అది అతనికీ న్యాయం కాదు. ఇది ఎవరినో పట్టుకోవడానికి కాదని స్టాఫ్ అందరినీ కూర్చోబెట్టి ముందే చెప్పు. భయపడితే లోపాలు దాస్తారు.

పరిధి ఒక పేజీ దాటనివ్వకు. మీకు నేననుకునేవి నాలుగు: లాగిన్లూ వాటి హక్కులూ, విరాళం బ్యాంకులో పడినప్పటి నుంచి రసీదు దాకా దారి, బ్యాకప్, పిల్లల వివరాల భద్రత. విజయవాడ ఆఫీసు, గుంటూరు సెంటరు రెండూ ఉన్నాయని రాయి. రాయకపోతే గుంటూరు బయటే ఉండిపోతుంది. అక్కడున్నది రెండు మెషీన్లే అయినా, చూసేవాళ్లు తక్కువ కాబట్టి తప్పులు అక్కడే ఎక్కువ పేరుకుంటాయి. వెబ్‌సైట్ మీద దాడి చేసినట్టు పరీక్షించే పెనెట్రేషన్ టెస్ట్ కావాలా వద్దా అన్నది విడిగా రాయి, దాని ధర వేరు. అది చేయించాలంటే మీ రాతపూర్వక అనుమతి ఉండి తీరాలి: ఏ అడ్రసులు, ఏ తేదీలు, ఏ గంటలు, ఏమన్నా ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి. అనుమతి లేకుండా మరొకరి సిస్టమ్‌లోకి చొరబడటం 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. హోస్టింగ్ కంపెనీ అనుమతి కూడా తీసుకోవాలి. పేమెంట్ గేట్‌వే మీ సొత్తు కాదు కాబట్టి దాని జోలికి వెళ్లకూడదని కూడా రాయి.

ఇప్పుడు ఎవరిని పిలవాలో చెప్తాను. రెండు రకాల వాళ్లున్నారు. వెబ్‌సైట్, నెట్‌వర్క్ పరీక్షలకి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆమోదించిన (ఎంపానెల్ చేసిన) సంస్థల జాబితా వాళ్ల సైట్‌లోనే ఉంటుంది. ప్రభుత్వ గ్రాంటు షరతుల్లో అడిగితే వాళ్లే కావాలి. లాగిన్లు, లెక్కలు, రసీదులు, బ్యాకప్ లాంటివాటిలో పద్ధతులు సరిగ్గా ఉన్నాయా అని చూడటానికి సిస్టమ్స్ ఆడిట్‌లో సీఐఎస్‌ఏ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు, లేదా అదే విషయంలో డీఐఎస్‌ఏ కోర్సు చేసిన చార్టర్డ్ అకౌంటెంట్లు బాగా పనికొస్తారు. విజయవాడలోనూ గుంటూరులోనూ చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ శాఖలున్నాయి, అక్కడ అడుగు. మీ కంప్యూటర్లకి ఏడాది మరమ్మతు కాంట్రాక్టు (ఏఎంసీ) చేసే షాపువాళ్ల చేత మాత్రం వద్దు. తను బిగించినదాన్ని తనే తప్పని ఎవరూ రాయరు. నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ అమ్మేవాళ్లు ఉచితంగా చేస్తామంటారు, ఆ రిపోర్ట్ చివరి పేజీలో కొటేషన్ ఉంటుంది.

ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకో. మొత్తం సొమ్మును కాకుండా ఎంతమంది, ఎన్ని రోజులు, ఏ అనుభవం ఉన్నవాళ్లు అన్నది పోల్చు. మీ అంత సంస్థకి ఇద్దరు మనుషులు మూడు నాలుగు రోజులు ఆఫీసులో, ఇంకో వారం రిపోర్ట్‌కి సరిపోతుంది. ఒక్క రోజులో అయిపోతుందన్నవాడు సాఫ్ట్‌వేర్ నడిపించి అది ఇచ్చిన ప్రింటు ఇస్తాడు. పేర్లు తీసేసిన పాత రిపోర్ట్ ఒకటి చూపించమను. ఫీజు మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి చెప్పారో లేదో అడుగు, మీకు అది సాధారణంగా వెనక్కి రాదు. సరిచేసిన తర్వాత మళ్లీ ఒకసారి చూసే రీటెస్ట్ అదే ధరలో ఉండాలి, చివరి విడత సొమ్ము రీటెస్ట్ అయ్యాకే ఇవ్వాలి. వాళ్లు తీసుకున్న మీ డేటా ఎక్కడ పెడతారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది గోప్యత ఒప్పందంలో రాయించు.

కాలం కూడా చూసుకో. ఏప్రిల్, మే నెలల్లో దాతల వివరాలు పన్ను శాఖకు పంపే హడావిడి, సెప్టెంబర్‌లో లెక్కల ఆడిట్, డిసెంబర్‌లో ఎఫ్‌సీఆర్‌ఏ. సంక్రాంతి ముగిసిన వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా మీకు ఖాళీ.

ఆడిట్ రోజుల్లో నువ్వు పక్కనే ఉండి చూడాల్సినవి రెండు.

మొదటిది బ్యాకప్. "రోజూ తీస్తున్నాం" అన్న మాట ఆడిటర్ రాసుకుని వెళ్లిపోతే ఒప్పుకోకు. నిన్నటి బ్యాకప్‌ని వేరే ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, మీరు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ తెరవమను. గడియారం చూసి ఎంతసేపు పట్టిందో రాయమను. నిన్న సాయంత్రం వేసిన చివరి వోచర్ కనిపించాలి, అన్ని ఖాతాల నిల్వల పట్టిక, అంటే ట్రయల్ బ్యాలెన్స్, అసలు మెషీన్‌లో ఉన్నదానితో పైసాతో సహా కలవాలి. కలవకపోవడానికి కారణాలు దాదాపు ఇవే: టాలీ తెరిచి ఉండగా ఫోల్డర్ కాపీ కావడం, కొత్త సంవత్సరానికి డేటా విడగొట్టాక బ్యాకప్ ఇంకా పాత ఫోల్డర్‌నే తీస్తూ ఉండటం, డిస్క్ నిండిపోయిన సంగతి ఎవరూ చూడకపోవడం. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఎప్పుడూ మెషీన్‌కి తగిలించే ఉంచితే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వచ్చిన రోజు అదీ లాక్ అయిపోతుంది. గూగుల్ డ్రైవ్‌లో సింక్ అవుతోంది కదా అంటారు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయేదాన్ని బ్యాకప్ అనలేం. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరు దాటి. మీకు గుంటూరు సెంటరు ఉంది కాబట్టి వారానికో డిస్క్ అక్కడికి వెళ్లడం కష్టం కాదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లూ షాపులూ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మెషీనూ డిస్కూ ఒకే కింది అంతస్తులో ఉంటే ఏమవుతుందో బెజవాడవాళ్లకి వేరే చెప్పాలా?

రెండోది రసీదుల దారి. పాతిక రసీదులు తనకు నచ్చినవి ఆడిటర్ని ఎంచుకోమను, మీరు ఎంచి ఇవ్వొద్దు. ఒక్కోదాన్నీ బ్యాంకు స్టేట్‌మెంట్, గేట్‌వే సెటిల్‌మెంట్, టాలీ ఎంట్రీతో కలపాలి. గేట్‌వే తన చార్జీ కోసుకుని రెండు మూడు రోజుల విరాళాలు ఒక్క మొత్తంగా వేస్తుంది. ఆ మొత్తాన్నే విరాళంగా టాలీలో ఎక్కిస్తే రసీదుల కూడికతో ఎప్పటికీ కలవదు. పూర్తి విరాళం ఒక పద్దు, చార్జీ ఖర్చు కింద వేరే పద్దు. ఇక రెండు ఊళ్లలో ఇద్దరు ఒకే ఎక్సెల్ షీటు విడివిడి కాపీల్లో రసీదు నంబర్లు వేస్తుంటే ఒకే నంబరు ఇద్దరు దాతలకి పడుతుంది. గుంటూరుకి వేరే సిరీస్ ఇస్తే ఆ పేచీ పోతుంది. టాలీలో ప్రతి మార్పునూ నమోదు చేసే ఎడిట్ లాగ్ ఉండే వెర్షన్ వాడండి. సేవా సంస్థలుగా నమోదైన సెక్షన్ 8 కంపెనీలకైతే అలాంటి మార్పుల నమోదు (ఆడిట్ ట్రైల్) 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. మీది ట్రస్టు, అయినా పెట్టుకోండి. వెనక తేదీతో ఎంట్రీ మారితే ఎవరు, ఎప్పుడు మార్చారో అందులో ఉంటుంది.

పిల్లల సంగతి నాకు ఎక్కువ బెంగ. ఆధార్ జిరాక్సులు, ఫోటోలు, ఇంటి పరిస్థితుల రిపోర్టులు వాలంటీర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి, అది నిజంగా వాళ్లే ఇచ్చారని నిర్ధారించగలగాలి. దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, విడతలవారీగా అమల్లోకి వస్తాయి. గడువు దాకా ఆగకండి. అవసరం లేని ఆధార్ కాపీలు తీసేయండి, కావాల్సినచోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పెట్టండి.

రిపోర్ట్ ముందు డ్రాఫ్టుగా వస్తుంది. ఒక్కో లోపానికీ ఎక్కడ, రుజువు ఏమిటి, ఎంత ప్రమాదం, ఎలా సరిచేయాలి అన్నవి ఉన్నాయా చూడు. "పాస్‌వర్డ్ విధానం బలహీనంగా ఉంది" అని ఊరికే రాస్తే వెనక్కి పంపు, ఏ ఖాతాలో అని అడుగు. మీ జవాబు, బాధ్యుడి పేరు, తేదీ పక్క గడిలో రాసి ఇచ్చాకే ఫైనల్. దాన్ని వాట్సాప్‌లో తిప్పొద్దు. మీ ఇంటికి ఎక్కడెక్కడ కన్నాలున్నాయో చెప్పే కాగితం అది.

సరిచేసేటప్పుడు డబ్బు పడనివి మొదటి వారంలోనే ముగించు: వెళ్లిపోయినవాళ్ల లాగిన్లు తీసేయడం, మెయిల్‌కీ గేట్‌వేకీ రెండంచెల లాగిన్ పెట్టడం, ఉమ్మడి పాస్‌వర్డ్ విడగొట్టడం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. విండోస్ 11 ఎక్కని మెషీన్లు ఎన్నో లెక్కపెట్టి వచ్చే బడ్జెట్‌లో పెట్టు, అప్పటిదాకా వాటిలో బ్యాంకు పని చేయనివ్వకు. రీటెస్ట్ తొంభై రోజుల్లోపు పడేట్టు తేదీ ముందే ఖాయం చేసుకో.

పరిధి కాగితం రాశాక నాకు పంపు, చూసి చెప్తాను. టోకెన్లు మాత్రం ఈ వారమే ఆ సొరుగులోంచి తెప్పించి, పిన్‌లు మార్చించు.

ఇట్లు
పెదనాన్న