ఫౌజీ ప్రశ్నలు – జవాబులు: డ్యూటీలో వడదెబ్బ, పెన్షన్ హక్కు

ప్రశ్న: మా అబ్బాయి ఆర్మీలో జవాను. బీపీఈటీలో (సైనికుల శారీరక సామర్థ్య పరీక్ష) అయిదు కిలోమీటర్ల పరుగు చివర్లో కుప్పకూలాడు. వడదెబ్బ (హీట్ స్ట్రోక్) అన్నారు. మిలిటరీ ఆసుపత్రిలో చాలా రోజులు ఉన్నాడు. ఇప్పుడు మాట ముద్దగా వస్తోంది, నడుస్తుంటే తూలుతున్నాడు. మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం వేసి, ‘సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల పెరిగిందీ కాదు’ అని రాసి ఇంటికి పంపింది. డిసెబిలిటీ పెన్షన్ రాదంటున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి

జవాబు: ఆ ఒక్క వాక్యంతో ఆశ వదులుకోకండి. బోర్డు కాగితాల్లో పోరాడదగ్గ మాట ఏదైనా ఉందంటే అదే.

వాతావరణ ప్రభావంతో వచ్చే జబ్బుల జాబితా ఒకటి సైన్యం ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్‌కు (పెన్షన్ హక్కు ఎవరికి ఉందో తేల్చే నిబంధనలు) జతచేసి ఉంటుంది. 1982 రూల్స్ జాబితాలోనే హీట్ స్ట్రోక్, హీట్ ఎగ్జాషన్ (వేడికి నీరసించి సొమ్మసిల్లడం) పేర్లతో సహా ఉన్నాయి. రక్షణ శాఖ 2001 జనవరి 31 ఉత్తర్వులో కూడా తీవ్ర వాతావరణానికి గురై వచ్చిన వైకల్యాన్ని ‘బి’ కేటగిరీకి ఉదాహరణగా చూపారు. ఆ కేటగిరీకి డిసెబిలిటీ పెన్షన్ ఉంది.

ముందుగా ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 ఫారం, అంటే బోర్డు ప్రొసీడింగ్స్ పూర్తి నకలు రికార్డ్ ఆఫీసు నుంచి తెప్పించండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. చేతికి వచ్చాక, సంబంధం లేదన్న గడికి ఎదురుగా కారణం ఏం రాశారో చూడండి. చాలాసార్లు ‘పీస్ స్టేషన్‌లో (సరిహద్దు డ్యూటీ కాని మామూలు స్థావరంలో) మొదలైంది’ అన్న ఒక్క ముక్కే ఉంటుంది. అది కారణమే కాదు. సరిహద్దులో ఉన్నా, కంటోన్మెంట్‌లో ఉన్నా బీపీఈటీ ఆజ్ఞ ప్రకారం చేసే డ్యూటీయే. బరువు కట్టుకుని పరుగెత్తితే కండరాల్లో పుట్టే వేడికి స్టేషన్ పేరుతో పనిలేదు.

ధరంవీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది మీకు పనికొస్తుంది. భర్తీనాటి రికార్డులో జబ్బు ప్రస్తావన లేకపోతే మనిషి ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. తర్వాత ఆరోగ్యం చెడితే సర్వీసు వల్లేనని భావించాలి. కాదంటే బోర్డు కారణాలు రాయాలి. రుజువు చేసే భారం జవాను మీద లేదు.

తిరస్కరణ ఉత్తరం అందిన ఆరు నెలల్లోపు మొదటి అప్పీలు రికార్డ్ ఆఫీసు ద్వారా పంపండి. అక్కడా కాదంటే మరో ఆరు నెలల్లో రెండో అప్పీలు. ఆ తర్వాత సాయుధ దళాల ట్రైబ్యునల్. రెండు తెలుగు రాష్ట్రాల వారికి చెన్నై బెంచ్.

మాట, నడక సంగతి అప్పీలులో విడిగా రాయండి. చిన్నమెదడులోని పర్కింజీ కణాలు వేడికి త్వరగా చచ్చిపోతాయి. హీట్ స్ట్రోక్ తర్వాత తూలుడు, ముద్దమాట మిగిలిపోయేది అందుకే. తొలి రోజుల ఎంఆర్‌ఐ మామూలుగా ఉన్నంత మాత్రాన నష్టం లేనట్టు కాదు. న్యూరాలజిస్టు చేత తాజాగా పరీక్ష చేయించి, నడక, చేతి వణుకు, మాట మూడూ విడివిడిగా రాయించుకోండి.

డబ్బు లెక్క: మెడికల్ బోర్డు మీద ఇంటికి పంపినవారికి 50 కంటే తక్కువ శాతాన్ని 50కి, 50–75ను 75కి, ఆపైన 100కి సర్దుతారు. మీ అబ్బాయి 30 శాతం 50 అవుతుంది. ఆఖరి జీతం రూ. 40,000 అనుకుందాం. నూరు శాతానికి డిసెబిలిటీ ఎలిమెంట్ అందులో 30 శాతం, అంటే రూ. 12,000. యాభైకి రూ. 6,000. దీనికి సర్వీస్ ఎలిమెంట్ కింద జీతంలో సగం, రూ. 20,000 కలుస్తుంది. డీఆర్ (పెన్షన్‌పై ఇచ్చే కరువు భత్యం) దీనిపై అదనం.

ప్రశ్న: మా తమ్ముడు వడదెబ్బతో ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఇప్పటినుంచే ఏ కాగితాలు జాగ్రత్త చేయాలి?
– ఒక అక్క

జవాబు: చాలా మంచి సమయంలో అడిగారు. తర్వాత వచ్చే కాగితాలన్నీ తొలి కొన్ని గంటల నోట్స్ మీదే నడుస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం మొదటి ఉష్ణోగ్రత. శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, దాంతోపాటు స్పృహ తప్పడం, ఫిట్స్, పిచ్చిమాటలు ఉంటే హీట్ స్ట్రోక్. లోపలి వేడిని సరిగ్గా చూపేది మలద్వారం లోపల తీసిన కొలత. చంకలో పెడితే తక్కువ చూపిస్తుంది. పైగా పడిపోయిన చోటే నీళ్లు పోసి చల్లబరుస్తారు. ప్రాణం నిలిపేది అదే కనుక అలాగే చేయాలి. కానీ ఆసుపత్రికి చేరేసరికి 38.5 ఉంటుంది, కేస్ షీట్‌లో అదే ఎక్కుతుంది, రేపు బోర్డు ‘ఇది హీట్ స్ట్రోక్ కాదు’ అంటుంది. కాబట్టి పడిపోయిన సమయం, చల్లబరచడం మొదలుపెట్టిన సమయం, కొలత తీసిన సమయం, ఎక్కడ తీశారన్నది, ఈ నాలుగూ రాసి ఉన్నాయో లేదో డాక్టరుగారిని అడగండి.

రక్తపరీక్షలు ఒక్కరోజువి చాలవు. కండరాలు కరిగితే సీకే (కండరాల నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైము) వేలల్లోకి పోతుంది, మూత్రం ముదురు రంగులో వస్తుంది, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పెరుగుతుంది. కాలేయం ఎంజైములు రెండో మూడో రోజుకి గానీ పతాకస్థాయికి చేరవు. అన్ని రోజుల రిపోర్టులూ వరుసగా తీసుకోండి.

యూనిట్ వైపు నుంచి కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (సైన్యం జరిపే అంతర్గత విచారణ) జరిగితే దాని నకలు, పక్కన పరుగెత్తినవారి వాంగ్మూలాలు కావాలి. వాటిలో డ్యూటీ పేరు, సమయం, మోసిన బరువు, ముందురోజు రాత్రి నిద్ర, ఇటీవలి జ్వరం, సెలవు నుంచి ఎప్పుడు తిరిగొచ్చాడు అన్నవి ఉండాలి. ఒంటికి వేడి అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. చల్లటి చోటునుంచి వచ్చిన మూడోరోజే పరుగు పెట్టించారంటే అది మీ కేసుకు బలం.

‘ఆ రోజు ఎండ 34 డిగ్రీలే’ అంటే ఒప్పుకోకండి. డబ్ల్యూబీజీటీ, అంటే ఎండ, తేమ కలిపి చూపే ఉష్ణోగ్రత సూచిక, అడగండి. తడిబట్ట థర్మామీటర్ రీడింగ్‌కు 0.7, ఎండలో పెట్టిన నల్లగోళానికి 0.2, మామూలు థర్మామీటర్‌కు 0.1 చొప్పున కలిపే లెక్క అది. ఉక్కపోత ఉన్న రోజు ఈ మూడూ 31, 45, 34 అయితే 34.1 వస్తుంది. పొడి గాలిలో 20, 55, 40 అయినా 29 దాటదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అందుకే తేమకు అంత బరువు.

ప్రశ్న: నాకు సర్వీసులో హీట్ స్ట్రోక్ వచ్చింది. లో మెడికల్ కేటగిరీలో (ఆరోగ్య కారణాల వల్ల తగ్గించిన శ్రేణి) కొనసాగి ఇప్పుడు రిటైర్ అవుతున్నాను. నాకేం వస్తుంది?

జవాబు: 2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త రూల్స్ వచ్చాయి. వైకల్యంతోనే సర్వీసులో కొనసాగినవారికి డిసెబిలిటీ ఎలిమెంట్ స్థానంలో ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ పెట్టారు. రిలీజ్ మెడికల్ బోర్డు (రిటైర్ అయ్యేముందు పరీక్షించే బోర్డు) మీ వైకల్యాన్ని సర్వీసుతో ముడిపెట్టి, కనీసం 20 శాతం వేయాలి. బోర్డు ముందు కూర్చునేటప్పుడు పాత ఆసుపత్రి కాగితాలు చేతిలో ఉంచుకోండి. సొంత వాంగ్మూలం గడిలో వడదెబ్బ తగిలిన తేదీ, డ్యూటీ రాయకుండా సంతకం పెట్టకండి.

ప్రశ్న: అగ్నివీర్‌కు ఈ పెన్షన్ ఉందా?

జవాబు: లేదు. సర్వీసు వల్ల వైకల్యం వస్తే ఏకమొత్తం ఇస్తారు: నూరు శాతానికి రూ. 44 లక్షలు, 75కి రూ. 25 లక్షలు, 50కి రూ. 15 లక్షలు. నాలుగేళ్ల సర్వీసులో మిగిలిన కాలానికి జీతం, సేవానిధి (సర్వీసు చివర ఇచ్చే ఏకమొత్తం నిధి) కూడా వస్తాయి. ఇక్కడా సర్వీసుతో సంబంధం ఉందన్న మాట కాగితం మీద ఉండాల్సిందే. నెలనెలా వచ్చే పెన్షన్ లేనందున ఆ మాట విలువ ఇంకా ఎక్కువ.

ప్రశ్న: తిరస్కరణ ఉత్తరం వచ్చి నాలుగేళ్లయింది. ఎవరూ చెప్పక అప్పీలు చేయలేదు. ఇక తలుపులు మూసుకున్నట్టేనా?

జవాబు: లేదు. పెన్షన్ నెలనెలా నిరాకరిస్తున్న హక్కు కనుక ఆలస్యం మొత్తం క్లెయిమును చంపదని సుప్రీంకోర్టు తర్సేమ్ సింగ్ కేసులో 2008లో చెప్పింది. నష్టపోయేది బకాయిలే. మామూలుగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లవే ఇస్తారు. అంటే ఆగిన ప్రతి నెలా ఒక నెల డబ్బు జారిపోతుంది.

నేరుగా ట్రైబ్యునల్‌కు పోతే ‘శాఖలో అప్పీలు చేశావా’ అని వెనక్కి పంపవచ్చు. ఆలస్యానికి కారణం రాస్తూ ముందు అప్పీలును రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఆరు నెలల్లో జవాబు రాకపోతే అక్కడినుంచి మరో ఆరు నెలల్లో ట్రైబ్యునల్‌లో వేయండి. జవాబు కోసం ఏళ్లతరబడి ఎదురుచూసి రెండోసారి గడువు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. ఆ రసీదు మీద తేదీనుంచి ఆరో నెల ఎప్పుడో ఇవాళే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.