హారమా, దండా?

సందేహం: జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. గుండ్రంగా గుచ్చిన పూసల వరసల్లో, తిప్పితే ఒకటయ్యేవాటిని ఒకటిగానే లెక్కించే పాఠానికి తెలుగు నోట్సు రాస్తూ 'నెక్లెస్‌'ను 'హారం' అన్నాను. "ఏ భిన్నానికి సార్?" అన్నాడొక పిల్లవాడు. 'సైక్లిక్ షిఫ్ట్'కు రాసిన 'చక్రీయ విస్థాపనం' నాకే నోరు తిరగడం లేదు. ఏం రాయమంటారు?
– ఒక లెక్చరర్, తిరుపతి

సమాధానం: పిల్లవాడి తప్పేం లేదు. మెడలోదైనా భిన్నంలోదైనా 'హృ' ధాతువు నుంచి వచ్చిన మాటే. కానీ లెక్కల క్లాసులో హారమంటే లవం కిందిదే. పైగా ఈ పాఠంలో భాగహారం కూడా ఉంది. 'హారాల సంఖ్యకు హారం 3' అని రాయాల్సొస్తే ఇక టెన్షనే!

దండ అనండి. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే ఆమె మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచిచ్చే మూర మల్లెలకు మొదలూ చివరా ఉంటాయి. కొసలు ముడేస్తే మొదటి పువ్వేదో ఆమె కూడా చెప్పలేదు. మూర పూలలా కొసలున్నది సరం (మీ స్ట్రింగ్), ముడిపడ్డది దండ.

షిఫ్ట్‌కు 'తిప్పు' చాలు. 'నవల'లో మొదటి అక్షరాన్ని చివరికి పంపితే 'వలన', ఇంకో తిప్పుకు 'లనవ'. అర్థం మారినా, అసలు లేకపోయినా దండ ఒకటే.

గురులఘువులను రెండు రంగుల పూసలనుకోండి. మూడేసి గుచ్చితే 8 సరాలు, అంటే మన గణాలే. య గణం (ల-గు-గు) ఒక తిప్పుకు త (గు-గు-ల), మరో తిప్పుకు ర (గు-ల-గు) అవుతుంది. భ, స, జ గణాలూ అంతే. మ, న ఎంత తిప్పినా అవే. వెరసి 4 దండలు. ఛందస్సులో భజస, యరత అని జట్లుగా వల్లించేది ఈ కుటుంబాలనే! లెక్క చూడండి: తిప్పకపోతే మారనివి 8, ఒక తిప్పుకు మారనివి 2, రెండు తిప్పులకు 2. మొత్తం 12ను 3తో భాగిస్తే 4. ఈ సూత్రం బర్న్‌సైడ్ అనే గణితవేత్త పేరు మీద చలామణిలో ఉంది గానీ, అది ఫ్రోబేనియస్ అనే మరో గణితవేత్తదని బర్న్‌సైడే రాశాడు.

ఒక్క జాగ్రత్త. తిప్పడం వేరు, తిరగేయడం వేరు. ఆరు రకాల పూలు ఒక్కొక్కటి గుచ్చితే, తిప్పడమే అయితే 120 దండలు. తిరగేసినా ఒకటే అనుకుంటే 60. ఇంటర్‌లో పూలదండ అనగానే 2తో భాగించడం పిల్లలకు అలవాటు. అందుకే నోట్సు మొదట్లోనే 'ఇక్కడ దండను తిప్పుతాం, తిరగేయం' అని రాయండి. తిరగేసేదాన్ని ఇంగ్లీషులో బ్రేస్‌లెట్ అంటారు. దానికి 'కంకణం' ఎందుకు, 'తిరగేసే దండ' అంటే సరిపోదూ?