రీల్స్ పంపే అన్నయ్యకు ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది గాజువాక. ఐదేళ్ల లా కోర్సు చదివాను. లాయర్‌గా ఎన్‌రోల్ అయి, బార్ ఎగ్జామ్ కూడా పాసై, రెండేళ్లుగా విశాఖ జిల్లా కోర్టులో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉన్నాను. ఆయన ఇచ్చేది బస్సు ఖర్చులకూ టిఫిన్‌కూ సరిపోతుంది, ఒక్కో నెల అదీ ఉండదు. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అన్నయ్య రోజూ సెలబ్రిటీల వీడియోలు పంపుతాడు. మొన్న అమెరికా టీవీ స్టార్ కిమ్ కర్దాషియన్‌ది పంపి, ‘నలుగురు పిల్లల తల్లయినా లా చదివింది, నీకేమైంది?’ అన్నాడు. ఇంట్లో అందరూ నన్ను బద్ధకస్తురాలిలా చూస్తున్నారు. జడ్జి పరీక్ష రాయాలని ఉంది. కానీ కోర్టు మానేసి ఏదో కంపెనీలో చేరిపోదామనీ అనిపిస్తోంది.

జవాబు: పొద్దున్నే కోర్టుకెళ్లి వాయిదాలు చూసుకుని, సాయంత్రం సీనియర్ ఆఫీసులో డ్రాఫ్టింగ్ చేసి, రాత్రికి గాజువాక బస్సెక్కే అమ్మాయిని బద్ధకస్తురాలు అనడం అన్యాయమమ్మా. ఆ మాటను మీరు కూడా నమ్మడం మొదలుపెట్టారేమోనని నాకు బాధగా ఉంది.

ఆ వీడియో సంగతి చూద్దాం. కర్దాషియన్ లా కాలేజీకి వెళ్లలేదు, కాలిఫోర్నియాలో లాయర్ల దగ్గర చదువుకునే పద్ధతి ఉంది కాబట్టి అలా చదివింది. మొదటి దశ పరీక్ష 2021లో నాలుగోసారికి పాసైంది, 2025లో అసలు బార్ పరీక్ష తప్పింది. ఆమె పట్టుదలను తీసేయలేం, కానీ అన్నిసార్లు తప్పినా ఈ నెల ఇల్లు ఎలా గడుస్తుందని ఆమె ఇంట్లో ఎవరూ అడగరు కదా. ఈ రోజుల్లో ఎవరికీ పనిచేయాలని లేదని 2022లో ఆమె అన్నప్పుడు పెద్ద దుమారమే రేగి, సారీ చెప్పాల్సి వచ్చింది. డబ్బు టెన్షన్ లేనివాళ్లు ఇచ్చే సలహాలో డబ్బు ఊసు ఉండదు, మీ సమస్యంతా డబ్బే.

జూనియర్లకు మొదటి ఏళ్లలో చేతికేమీ రాకపోవడం ఈ వృత్తిలో ఎప్పటి నుంచో ఉన్న జబ్బు. పట్టణాల్లో జూనియర్‌కు నెలకు కనీసం 20,000 ఇవ్వాలని లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో చెప్పింది. అది సిఫారసే, కట్టుబడాలనే రూలు కాదు. అయినా ఆ అంకె నాన్నగారికి చెప్పండి. పెద్దలే ఇంత ఇవ్వాలన్న పనికి మీకు వస్తున్నది ఎంతో ఆయనకు అర్థమవుతుంది. ప్లాంటులో నెలనెలా జీతం అందుకున్న మనిషికి, రోజంతా పనిచేసి చేతికేమీ రాని ఉద్యోగం ఉంటుందని ఎవరైనా చెబితేనే కదా తెలిసేది.

ఇక కంపెనీ విషయంలో తొందరపడకండి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలి, ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ ఎగ్జామ్‌కు ముందు లాయర్‌గా తాత్కాలికంగా నమోదైన) తేదీ నుంచే లెక్క. అంటే వృథా అనుకుంటున్న ఈ రెండేళ్లూ మీ ఖాతాలో ఉన్నాయి. ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్‌కు చెప్పి ప్రాక్టీస్ ఆపుకోవాలి, లెక్క అక్కడితో ఆగిపోతుంది. ఇల్లు నిజంగా గడవకపోతే చేరండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కొంత సర్దుకోగలిగితే మాత్రం ఇంకో ఏడాది నిలబడమంటాను.

ఆ ఏడాది ఖాళీ జేబుతో గడపమని కాదు. సీనియర్‌తో నేరుగా మాట్లాడి నెలకు ఇంత అని ఖాయం చేసుకోండి. ఆయన వల్ల కాదంటే, ఆయనకు ఒక మాట చెప్పి, బ్యాంకులకు పనిచేసే ప్యానెల్ లాయర్ల దగ్గర లీగల్ ఒపీనియన్ పని అడగండి. ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఈసీలు, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు చూసి రిపోర్టు తయారుచేసే పనికి ఫైలుకు ఇంత అని మాట్లాడుకోవచ్చు. విశాఖలోనే బ్యాంకుల బాకీ కేసులు చూసే డెట్స్ రికవరీ ట్రిబ్యునల్, లేబర్ కోర్టు ఉన్నాయి, అక్కడి సీనియర్లనూ కలవండి. క్రిమినల్ వైపు ఆసక్తి ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. లాయర్‌ను పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించడానికి 2022లో వచ్చిన డిఫెన్స్ కౌన్సెల్ పథకంలో అసిస్టెంట్ పోస్టుకు మూడేళ్లలోపు అనుభవం ఉన్నవాళ్లను కూడా తీసుకుంటారు, నెలనెలా గౌరవ వేతనం వస్తుంది, కాకపోతే ప్రైవేటు కేసులు చేయకూడదు. ఎక్కడికి మారినా ఇప్పటి సీనియర్‌తో గొడవపడి మాత్రం బయటికి రావద్దు. ప్రాక్టీస్ సర్టిఫికెట్‌కు పదేళ్ల అనుభవమున్న లాయరు సంతకం, దాని మీద జిల్లా ప్రధాన న్యాయాధికారి ఆమోదం కావాలి. రేపు మీరు ఆ సంతకం కోసం ఆయన దగ్గరికే వెళ్లాల్సి రావచ్చు. మీ పేరున్న వకాలత్‌ల (క్లయింటు కేసు అప్పగిస్తూ ఇచ్చే పత్రాల) కాపీలు కూడా ఇప్పటి నుంచే దాచుకోండి.

అన్నయ్య చెడ్డవాడని నాకు అనిపించడం లేదు. దూరంగా ఉండి ఏం చేయాలో తెలియక, చేతిలో ఉన్నది పంపుతున్నాడు. ఆదివారం ఫోన్ చేసి, మీ నెల ఖర్చెంతో, వస్తున్నదెంతో, ఇంకో ఏడాదికి ఎంత తక్కువ పడుతుందో చెప్పండి. అందులో సగమైనా సర్దగలవా అన్నయ్యా అని అడగండి. కుదరదంటే నొచ్చుకోవద్దు, వాళ్ల ఇంటి ఖర్చులు వాళ్లకుంటాయి. కానీ ఆ వీడియోలు ఇక పంపొద్దని మాత్రం గట్టిగానే చెప్పండి.